వాట్లు కాదు, వినపడటం ముఖ్యం

ఈసారి వంటింటి మాటలు లేవు, చుట్టరికాల మాటలు లేవు. ఈసారి పోట్లాట. నాకు కోపం వస్తే ఇంగ్లీషులో రాయడం సులభం. సికింద్రాబాదులో కాన్వెంటులో చదివాను, తెలుగు అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను. కానీ ఇది తెలుగువాళ్ల మధ్య గొడవ. అందుకే తెలుగులోనే పోట్లాడతాను.

విషయం చిన్నది. మా భజన బృందానికి బేస్ గిటార్ యాంప్ కొనాలి. నేను గుడిలో చెప్పుల దగ్గర, ప్రసాదం వరుస దగ్గర సేవ చేస్తాను. పాటలప్పుడు వైర్లు పరిచేది, చుట్టేది నేనే. సంగీతం రాదు. కానీ వైర్లు చుట్టేవాడికి కొన్ని విషయాలు తెలుస్తాయి.

కమిటీలో ఒక జట్టు అంటుంది: "పెద్దదే కొందాం. ఎక్కువ వాట్లు ఉంటే ఎప్పటికైనా పనికొస్తుంది." రెండో జట్టు అంటుంది: "అసలు భజనకి బేస్ ఎందుకు?" రెండు జట్లదీ తప్పే. ఎందుకో చెప్తాను.

ఉగాదికి షార్జాలో ఒక స్కూలు హాల్లో కార్యక్రమం పెట్టాం. 500 వాట్ల యాంప్ అద్దెకి తెచ్చారు. పదిహేను అంగుళాల స్పీకర్. ఇద్దరం మోశాం. స్టేజీ మీద మూలకి, గోడకి ఆనించి, నేల మీద పెట్టారు. బేస్ వాయించే కుర్రాడికి పదిహేడేళ్లు. వాడు దాని ముందే నిలబడ్డాడు. శబ్దం అంతా వాడి మోకాళ్లకి తగిలింది, చెవికి అందలేదు. వినపడక వాడు పెంచాడు. హాల్లో కుర్చీలు అదిరాయి. కీర్తన పాడుతున్న పెద్దావిడకి శ్రుతి వినపడలేదు. చరణం మధ్యలో ఆపేశారు. తరువాత ఒకాయన అందరి ముందూ వాడితో, "ఇది గుడి పాట బాబూ, డిస్కో కాదు" అన్నారు.

ఇంటికి తిరిగి వస్తుంటే కారులో వాడు మాట్లాడలేదు. దిగేటప్పుడు అన్నాడు: "అంకుల్, నా వాయింపు నాకే వినపడలేదు. నేను ఇంక రాను."

వాడు ఇక్కడే పుట్టాడు. తెలుగు చదవలేడు. సగం అర్థమవుతుంది. కానీ వారం వారం పాట మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, ఏ మాట దగ్గర ఏ స్వరం మారుతుందో గుర్తు పెట్టుకుని వస్తాడు. వాడికి తెలుగులోకి ఉన్న తలుపు అదే. మనం ఒక డబ్బా తప్పుగా ఎంచుకుని ఆ తలుపు మూశాం. తిట్టు మాత్రం కుర్రాడికి పడింది.

ముందు వాట్ల జట్టుకి జవాబు. వాట్లు రెండింతలు చేస్తే శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి అది "కాస్త పెరిగింది", అంతే. రెండింతలు గట్టిగా వినపడాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. ఇంకో చిక్కు. విడిగా అమ్మే యాంప్ మీద రాసిన పెద్ద అంకె చాలాసార్లు 4 ఓమ్‌ల స్పీకర్ పెట్టినప్పటి లెక్క. 8 ఓమ్‌ల స్పీకర్ పెడితే దాదాపు సగమే వస్తుంది. డబ్బులు అంకెకి ఇస్తాం, వినేది సగం.

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దీన్ని మన సంగీతంలో మంద్రం అంటారు. ఈ మాట నాకు చాలా ఇష్టం. మంద్ర శబ్దం హాలంతా పాకుతుంది. మూలలో పెడితే ఇంకా ఉబ్బుతుంది. అంటే మా 500 వాట్లని గోడలే పెంచాయి, కుర్రాడు కాదు.

ఇక "బేస్ ఎందుకు" అనే జట్టుకి. అయ్యా, మీ ముందున్న హార్మోనియం ఎక్కడిది? యూరప్ వాయిద్యం. ఆలిండియా రేడియో దాన్ని 1940లో నిషేధించింది, 1971 వరకు సడలించలేదు. ఇప్పుడు హార్మోనియం లేని భజన మీరు ఊహించగలరా? వయొలిన్ కూడా అక్కడిదే. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. కరెంటుతో మోగే వాయిద్యంలో భక్తి పట్టదని ఆయన కచేరీ విన్నవాళ్లు ఎవరూ అనరు.

బేస్ గిటార్‌కి ఇంకో సంగతి ఉంది. లియో ఫెండర్ 1951లో బేస్ గిటార్ అమ్మకానికి తెచ్చాడు. మరుసటి ఏడాదే దానికోసం యాంప్ తెచ్చాడు. ఎందుకంటే యాంప్ లేకపోతే ఆ గిటార్ దాదాపు మూగది. యాంప్ సగం వాయిద్యం. అది తప్పుగా ఎంచి, వాయిద్యం బాగాలేదు అనడం న్యాయం కాదు.

మరి ఏది కొనాలి? నా మాట ఇది. హాలుని నింపడం హాలు మైక్ సెట్ పని. యాంప్ పని వాయించేవాడికి, పక్కన పాడేవాళ్లకి వినిపించడం. కాబట్టి పది లేదా పన్నెండు అంగుళాల స్పీకర్‌తో, 100 నుంచి 300 వాట్ల మధ్య, ఒక్కడు మోయగలిగేది చాలు. వెనక డి.ఐ. అవుట్ తప్పకుండా ఉండాలి. అక్కడి నుంచి ఒక వైరు మిక్సర్‌కి వెళ్తుంది. దాని పక్కన ప్రీ, పోస్ట్ అనే స్విచ్ ఉంటే ప్రీలో పెట్టండి. అప్పుడు కుర్రాడు తన కోసం ఎంత పెంచుకున్నా హాల్లో పెరగదు. యాంప్‌ని గోడకి దూరంగా, కుర్చీ మీద, చెవి వైపు వంచి పెట్టండి. మా ఉగాది గొడవకి మందు ఆ కుర్చీయే!

ఇంకో తప్పు నేను చేసిందే చెప్తాను. ఒకసారి అమెరికా నుంచి వచ్చిన పాత యాంప్‌ని అడాప్టర్ పెట్టి ఇక్కడి ప్లగ్‌లో గుచ్చాను. అది 120 వోల్టులది. ఇక్కడ 230. అడాప్టర్ ప్లగ్ ఆకారం మారుస్తుంది, వోల్టులు మార్చదు. వాసన వచ్చింది, పొగ వచ్చింది, యాంప్ పోయింది. కొనే ముందు వెనక రాసిన వోల్టులు చదవండి. ఆగస్టులో కారు డిక్కీలో మాత్రం వదలకండి.

వచ్చే శనివారం కమిటీ కూర్చుంటుంది. నేను ఒకటే అడుగుతాను: అంకెలు చూసి కొనకండి. కుర్రాడిని వాడి గిటార్‌తో షాపుకి తీసుకెళ్లండి. పెద్దావిడని కూడా పిలవండి. వాడు వాయిస్తుంటే ఆవిడ పక్కన నిలబడి పాడాలి. ఇద్దరికీ శ్రుతి వినపడితే అదే మన యాంప్. ముందు మాత్రం ఎవరైనా వాడి ఇంటికి వెళ్లి "తప్పు మాది నాన్నా" అని చెప్పాలి. ఎవరూ వెళ్లకపోతే నేను వెళ్తాను.

నా తెలుగులో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. యాంప్ విషయంలో మాత్రం తగ్గను.