స్నాయుబంధనం మానే తీరు

పిక్క కండరాన్ని మడమ ఎముకతో కలిపే గట్టి పట్టీని, అంటే అకిలిస్ స్నాయుబంధనాన్ని, గాయం తర్వాత అల్ట్రాసౌండ్‌తో పరిశీలిస్తే, బాగున్నచోట సమాంతరంగా సాగే తెల్లని పోగులు, తెగినచోట నల్లని ఖాళీ కనిపిస్తాయి. పాదాన్ని కిందికి వంచినప్పుడు తెగిన కొసలు దగ్గరకు వస్తున్నాయో లేదో అప్పటికప్పుడే చూడగలగడం దీని ప్రత్యేకత. రేడియేషన్ లేనందున పరీక్షను మళ్లీ మళ్లీ చేయవచ్చు. అయితే చర్మంపై ఆనించే ప్రోబ్ కాస్త వాలినా ఆరోగ్యకరమైన పోగులే నల్లగా మారి లేని గాయాన్ని చూపుతాయి కనుక చేసేవారి నైపుణ్యమే ఇక్కడ కీలకం. అతుక్కున్న బంధనం నెలలు గడిచినా మందంగానే ఉండవచ్చు; అంతమాత్రాన నడక మాన్పించడం గానీ, చిత్రం బాగుందని రోగిని పరుగుకు తొందరపెట్టడం గానీ తగదు, ఒంటికాలి మునివేళ్లపై లేచే బలం ఎంత తిరిగివచ్చిందో ఫిజియోథెరపిస్టు పరీక్షించాకే ఆ నిర్ణయం జరగాలి.