ముసలివారి ఉదయాహారము

తెల్లవాఱుజామున పాలు పితికి కేంద్రమునకు పోసివచ్చుట మన చంద్రగిరి ప్రాంతపు పల్లెలలో నిత్యకృత్యమైనది. ఇంట మిగిలిన గ్రుక్కెడు పాలతో కాఫీ కాచి పెద్దలకిత్తురు. అటుపిమ్మట తాతకు గాని అవ్వకు గాని మధ్యాహ్నపు సంగటి వఱకు కడుపులో మఱేమియు పడని యిండ్లు పెక్కు గలవు. అడిగినచో, "పనిచేయని వానికి ఆకలి యేల?" యని వారే నవ్వుదురు. ఆ మాట సరికాదని నా యభిప్రాయము.

ముప్పదియేండ్లు దాటినది మొదలు మనుష్యుని కండ తఱుగుచుండును. పదేండ్లకు నూటికి 3 మొదలు 8 వంతులు పోవునని వైద్యులు లెక్కగట్టిరి. అఱువది దాటిన పిదప మఱింత వేగముగా పోవును. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అను అమెరికా పండితుడు దీనికి సార్కోపీనియా యని పేరిడెను. పేరు క్రొత్తదిగాని సంగతి మనమెఱిగినదే: బిందె నెత్తలేకుండుట, మంచపుపట్టె పట్టుకొనిగాని లేవలేకుండుట, గట్టుపై కాలు తడబడి పడి తుంటియెముక విఱుగుట.

రాత్రి భోజనమునకును మఱునాటి మధ్యాహ్నమునకును నడుమ పదునాలుగు గంటలు గడచును. ఆ కాలమున శరీరము తన కండనే కొంత కరగించుకొనును. దానిని మరల కట్టుటకు మాంసకృత్తులు వలయును. పడుచువానికి చాలునంత ముసలివానికి చాలదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో పెద్దలకు దేహభారము కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాము నిర్ణయించిరి. వార్ధక్యమున 1 మొదలు 1.2 గ్రాముల వఱకు కావలెనని 2013లో పాశ్చాత్య పండితులు చెప్పిరి. అనగా ఏబది కిలోల తాతకు 50 మొదలు 60 గ్రాములు.

మన లెక్క చూడుడు. గ్రుక్కెడు పాల కాఫీలో రెండు గ్రాములైనను లేవు. రాగి అంబలి యెముకలకు మంచిదే గాని, 50 గ్రాముల పిండిలో మాంసకృత్తులు మూడున్నర గ్రాములు మాత్రమే. దానికి 200 మిల్లీలీటర్ల పాలు చేర్చిన 6, గుప్పెడు చెనక్కాయ విత్తులు, అనగా 30 గ్రాములు, చేర్చిన 7, ఒక కోడిగ్రుడ్డు చేర్చిన మఱి 6 గ్రాములు కలియును. గ్రుడ్డు తిననివారికి 30 గ్రాముల ఉలవలు గుగ్గిళ్ళు చేసిపెట్టిన అంతే బలము. పండ్లు లేనివారికి విత్తులు మెత్తగా ఊరుబిండి నూఱవలెను. ఇందులో అంగడికి పోయి డబ్బా కొనవలసిన దొక్కటియు లేదు.

ఉదయముననే తినవలెనా, దినము మొత్తము మీద సరిపోయిన చాలదా యను వాదము పండితులలో నున్నది. మన యిండ్లలో ఆ వాదముతో పనిలేదు. మధ్యాహ్నమును రాత్రియు ఎట్లో గడచుచున్నవి. ఖాళీగా నున్న పూట ఉదయమే.

సంఘపత్రికలో పాలు ఆపుకొమ్మని వ్రాయుదురా యని కార్యదర్శిగారు కోపింపవచ్చును. క్యానులో పోయుటకు ముందు పెద్దవారి గ్లాసు తీసి ప్రక్కన నుంచుడనుచున్నాను, అంతే. పది లీటర్లు పోయు రైతుకు ఇది యేబదవ వంతు. తుంటి విఱిగినవారిని తిరుపతి ఆసుపత్రికి తీసికొనిపోయిన యింటివారికి ఈ బేరము వివరింప నక్కఱలేదు.

అవ్వ సంగతి వేఱు. అందఱును తిన్న పిమ్మట తినుట ఆమెకు జీవితమంతయు అలవాటు. గ్లాసు చేతికిచ్చి వచ్చినచో అది మనుమని నోటికి పోవును. ఎదుట నిలిచి త్రాగింపవలెను. పెరటాసి శనివారములందు ఉపవాసమున్నను పాలు, పండ్లు పుచ్చుకొనుట ఆచారవిరుద్ధము కాదు గదా.

తిని కూర్చున్న మాత్రమున కండ నిలువదు. చేతనైనంత నడక, ఎత్తుట, దించుట వదలరాదు. మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యునడిగిన పిమ్మటనే మాంసకృత్తులు హెచ్చింపవలెను.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక పరీక్ష పెట్టుడు. గోడకానించిన కుర్చీపై కూర్చుండి, చేతులు రొమ్మున కట్టుకొని, ఐదుమాఱులు లేచి కూర్చుండవలెను. 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టినచో సత్తువ సన్నగిల్లినట్లని ఆసియా వైద్యబృందమొకటి 2019లో తేల్చినది. కుర్చీ యొకటి, గడియారమొకటి చాలును. రెండును సంఘ కార్యాలయమున నున్నవి.