సూది అదే.. చూపే వేరు!

వేలూరు ఆసుపత్రి పేరు తెలియని ఇల్లు మన సరిహద్దు పల్లెల్లో ఉండదు. జబ్బు ముదిరితే చాలు.. చిత్తూరు, పలమనేరు, కుప్పం వాళ్లే కాదు, కోలారు, హోసూరు వైపు వాళ్లూ ‘వేలూరు తీసుకెళ్దాం’ అనుకోవడం అలవాటు. అక్కడ నర్సుల బడి 1909లో మొదలైంది. మొదలుపెట్టింది అమెరికా నుంచి వచ్చిన డెలియా హౌటన్ అనే నర్సు. 1946లో అక్కడే డిగ్రీ చదువూ వచ్చింది. అంటే మన ప్రాంతపు ఆడపిల్లలకు ఈ విద్య నేర్పినవారిలో పరాయి దేశపు నర్సులున్నారు.

ఇప్పుడు దారి తిరగబడింది. బెంగళూరు, వేలూరు, చెన్నై, బరంపురంలో నర్సింగ్ చదివిన పిల్లలు బ్రిటన్‌కో గల్ఫ్‌కో వెళ్తున్నారు. ఓ పెద్ద తేడా మాత్రం ఉంది. ఆనాడు అటునుంచి వచ్చినామె వస్తూనే పెద్ద కుర్చీలో కూర్చుంది. ఈనాడు ఇటునుంచి వెళ్లినామెకు పదేళ్ల అనుభవమున్నా కింది మెట్టే. ఆ మెట్టు మీద నిలబడ్డ మనమ్మాయిని తోటి ఉద్యోగులు ఎలా చూస్తున్నారు? పిల్లను పంపే ప్రతి తల్లీతండ్రీ అడగాల్సిన ప్రశ్న ఇది. జీతమెంతని అడుగుతున్నాం కానీ, ఇది అడగడం లేదు.

మనవాళ్లు లేనిదే వార్డు నడవదు

బ్రిటన్ సంగతే చూద్దాం. అక్కడ ప్రభుత్వ వైద్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) 1948 జులై 5న మొదలైంది. మొదటినుంచీ దానికి నర్సుల కొరతే. కరీబియన్ దీవుల నుంచి, ఐర్లాండ్ నుంచి, ఆ తర్వాత ఫిలిప్పీన్స్, మన దేశం నుంచి పిలిపించుకుంటూనే వచ్చారు. ఇవాళ అక్కడి నర్సుల రిజిస్టర్‌లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు బయటి దేశంలో చదివినవారే. వారిలో ఫిలిప్పీన్స్‌ను దాటి మన దేశంవారే ముందున్నారు.

2020 డిసెంబరు 8న కోవెంట్రీ నగరంలో 90 ఏళ్ల అవ్వకు కొవిడ్ టీకా తొలి డోసు వేస్తుంటే ప్రపంచమంతా టీవీల్లో చూసింది. ఆ సూది పట్టిన నర్సు మే పార్సన్స్ పుట్టింది ఫిలిప్పీన్స్‌లో. జనం చప్పట్లు కొట్టారు. బాగానే ఉంది. మరి చప్పట్లు ఆగాక వార్డులో ఏం జరుగుతోంది?

రెండేళ్ల చదువు.. జీవితాంతం కింది మెట్టు

ఈ కథకు పాత అధ్యాయం ఒకటుంది. 1950లు, 60లలో కరీబియన్ నుంచి నర్సింగ్ చదవడానికి వెళ్లిన అమ్మాయిలు చాలామందిని రెండేళ్ల ‘ఎన్‌రోల్డ్’ నర్సు శిక్షణలో చేర్చారు. మూడేళ్లు చదివితే ‘రిజిస్టర్డ్’ నర్సు అవుతారు. పైమెట్లన్నీ వారివే. రెండేళ్ల చదువుతో వార్డు సిస్టర్ కావడం అసాధ్యం. సొంత దేశానికి తిరిగొస్తే ఆ అర్హత చెల్లదు కూడా. ఈ తేడా చేరేటప్పుడు చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఒకే వార్డు, ఒకే పని. కానీ ఒకరు ఎప్పటికీ చేయి కింద మనిషే.

ఇక్కడ తిట్టినవాళ్లు లేరు, కొట్టినవాళ్లు లేరు. ఒక ఫారం మీద ఒక టిక్కు.. అంతే! పరాయి నర్సు పట్ల చూపు ఎక్కువగా పనిచేసేది ఇలాగే. అది మాటల్లో కన్నా కాగితాల్లో, డ్యూటీ చార్టుల్లో కనిపిస్తుంది. ఎన్‌రోల్డ్ శిక్షణ ఎప్పుడో ఆగిపోయింది. ఆ పద్ధతి మాత్రం పూర్తిగా పోలేదు.

గొడవ ఎక్కడ మొదలవుతుందంటే..

మన దగ్గర ఐసీయూలో ఎనిమిదేళ్లు పనిచేసిన అమ్మాయి అనుకోండి. ఇక్కడ సెలైన్ సూది గుచ్చడం ఆమెకు కళ్లు మూసుకుని చేసే పని. అక్కడికి వెళ్లాక, అది చేయాలంటే ఆ ఆసుపత్రిలో మళ్లీ శిక్షణ తీసుకుని ‘వచ్చు’ అనిపించుకోవాలి. అప్పటిదాకా ముట్టుకోకూడదు. ‘నాకు రాదనుకుంటున్నారు’ అని ఆమెకు మనసులో ముల్లు గుచ్చుకుంటుంది.

రెండోవైపు చూడండి. మన ఆసుపత్రుల్లో రోగికి ఒళ్లు తుడవడం, తినిపించడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం ఆయానో ఇంటివాళ్లో చేస్తారు. అక్కడ అది నర్సు పనిలో భాగం. కొత్తగా వచ్చినామె ఒక్క క్షణం తటపటాయించినా ‘ఈమెకు చిన్న పనులంటే నామోషీ’ అన్న ముద్ర పడుతుంది. ఇక్కడ డాక్టరును ‘సార్’ అంటాం, ఎదురు చెప్పం. అక్కడ పేరు పెట్టి పిలుస్తారు, మందు మోతాదు తేడాగా ఉంటే నర్సు నోరు విప్పి అడగాలి. మర్యాదకు ఊరుకుంటే ‘ఆత్మవిశ్వాసం లేదు’ అని రాస్తారు. ఆ రాసిన మాటే రేపు ప్రమోషన్‌కు అడ్డుపడుతుంది.

ఇందులో సగం పద్ధతుల తేడా. రెండువైపులా కూర్చోబెట్టి చెబితే నెల రోజుల్లో తీరిపోయేది. చెప్పేవాళ్లు లేనిచోట అదే ద్వేషంగా ముదురుతుంది. మిగతా సగం మాత్రం తేడా కాదు.. వివక్షే. ప్రాణాల మీదికి తెచ్చేదీ అదే.

కొవిడ్ తొలి నెలల్లో ఆ సంగతి బయటపడింది. అక్కడి నర్సుల సంఘం రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 2020లో సర్వే చేసింది. ముప్పు ఎక్కువున్న వార్డుల్లో కళ్లకు, ముఖానికి చాలినంత రక్షణ దొరికిందని చెప్పిన తెల్లజాతి బ్రిటిష్ సిబ్బంది 66 శాతం. నల్లజాతి, ఆసియా, ఇతర మైనారిటీ సిబ్బందిలో 43 శాతమే. సరైన రక్షణ లేకుండానే రోగిని చూడమని ఒత్తిడి వచ్చిందన్నవారు ఇటు 70 శాతం, అటు 45 శాతం. ఒకే ఆసుపత్రి, ఒకే జబ్బు. ‘నేను వెళ్లను, ముందు మాస్కు ఇవ్వండి’ అనే ధైర్యం అందరికీ ఒకేలా ఉండదు. వీసా ఉద్యోగంతో ముడిపడిన మనిషికి అది మరీ తక్కువ.

కొలిస్తే తగ్గింది.. తగ్గనిదీ ఉంది

ఎన్‌హెచ్‌ఎస్ ఒక మంచి పని చేసింది. 2015లో ఇంగ్లండ్‌లో జాతి సమానత్వ ప్రమాణం ఒకటి తెచ్చి, ఏటా లెక్కలు బయటపెట్టమంది. ఈ లెక్కలు పుట్టిన దేశాన్ని బట్టి కాదు, జాతిని బట్టి. అయినా మన పిల్లల పరిస్థితి అర్థం కావడానికి ఇంతకన్నా పెద్ద అద్దం లేదు.

2016లో, తెల్లవారితో పోలిస్తే మైనారిటీ ఉద్యోగి క్రమశిక్షణ విచారణలో ఇరుక్కునే అవకాశం 1.56 రెట్లు. 2023కి అది 1.03కు దిగింది. అంటే దాదాపు సమానం. గొప్ప మార్పే!

మరి ఉద్యోగాల ఎంపిక? షార్ట్‌లిస్టు దాకా వచ్చినవారిలో తెల్లవారు ఎంపికయ్యే అవకాశం 2016లో 1.57 రెట్లు ఎక్కువ. 2023లో 1.59. ఏడేళ్లలో అంగుళం కదల్లేదు. తోటి ఉద్యోగుల నుంచో పై అధికారి నుంచో వివక్ష ఎదురైందని చెప్పినవారు 2023 నివేదికలో మైనారిటీల్లో 16.6 శాతం, తెల్లవారిలో 6.7 శాతం.

ఒకటి తగ్గి, ఇంకొకటి ఎందుకు తగ్గలేదు? మాకు తోచిన కారణం ఇది. విచారణకు ముందు ‘ఇది నిజంగా తప్పేనా, మాట్లాడి సరిదిద్దలేమా’ అని ఇంకొకరు చూసే పద్ధతి చాలా ఆసుపత్రుల్లో వచ్చింది. కోపంతో ఒక్కరే తీసుకునే నిర్ణయానికి మధ్యలో ఒక చెయ్యి అడ్డుపడింది. ఎంపికలో అలా కాదు. ‘ఈమె మన జట్టులో ఇముడుతుందా’ అన్న ప్రశ్నకు బల్ల అవతల కూర్చున్నవారి మనసే తూకం. తమలాంటివారే ఇముడుతారని వారికి అనిపిస్తుంది. మనసులు మారేదాకా ఆగితే తరాలు పడుతుంది. పద్ధతి మారిస్తే ఏడేళ్లు చాలని ఆ మొదటి లెక్కే చెబుతోంది.

మన వార్డుల మాటేమిటి?

బ్రిటన్‌ను అని ఊరుకుంటే సరిపోదు. మన పెద్ద ఆసుపత్రుల్లో కేరళ నర్సులు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. ఎన్నిచోట్ల వారి పేరు అడిగాం? ‘మలయాళం సిస్టర్’ అంటే సరిపోయింది. భాష రాదని నవ్వుకున్నాం. కష్టమైన నైట్ డ్యూటీ పడితే ‘వాళ్లకు ఇల్లూ వాకిలీ ఇక్కడ లేదు కదా’ అని సరిపెట్టుకున్నాం.

2020 మే నెలలో కోల్‌కతా ప్రైవేటు ఆసుపత్రుల నుంచి 185 మంది దాకా మణిపురి నర్సులు ఉద్యోగాలు వదిలి సొంతూరికి బస్సులెక్కారు. కారణాలు అనేకం. వారు చెప్పినవాటిలో ఒకటి.. ముఖం చూసి వెలివేశారని. సొంత దేశంలోనే పరాయి నర్సులయ్యారు. వారు వెళ్లాక ఆసుపత్రుల్లో పడకలకు నర్సులు చాలక ఇబ్బంది పడ్డారు. చులకన ఖరీదు చివరికి రోగి కట్టాడు.

ఈ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తాతల నాడే బళ్లారిలో, హోసూరులో, రాయచూరులో, బరంపురంలో స్థిరపడ్డవాళ్లం. ఇక్కడే పుట్టి ఇక్కడే పన్ను కడుతున్నా ‘మీ ఊరేది’ అన్న ప్రశ్న వింటూనే ఉన్నాం. ఆ ప్రశ్నలో ఉన్న చురుకు తెలిసినవాళ్లమే, పక్క రాష్ట్రం సిస్టర్‌ను అదే ప్రశ్న అడుగుతున్నాం.

పంపే ముందు అడగండి

• మొదటి పరీక్ష పాసయ్యేదాకా ఏ స్థాయిలో ఉంచుతారు? పాసయ్యాక మన అనుభవం లెక్కలోకి వస్తుందా? రాతపూర్వకంగా తీసుకోండి.

• మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? సంతకానికి ముందు ఒప్పందం పూర్తిగా చదివించండి. ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఏజెంటు ఫీజు తీసుకోవడం బ్రిటన్ నియమావళికి విరుద్ధం.

• కొత్తవారికి పద్ధతులు నేర్పే శిక్షణ ఎన్ని వారాలు? అడిగి చెప్పించుకోవడానికి ఒక సీనియర్‌ను కేటాయిస్తారా?

• చేరిన వారంలోనే నర్సుల సంఘంలో సభ్యత్వం తీసుకోమని పిల్లకు చెప్పండి. కష్టం వచ్చాక చేరితే పాత కేసుకు పనికిరాకపోవచ్చు.

ఈసారి మన ఊరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు రాత్రి డ్యూటీలో ఉన్న ఆ పొరుగు రాష్ట్రం అమ్మాయి పేరేమిటో కనుక్కోండి. అదే సమయానికి ఏ బర్మింగ్‌హామ్‌లోనో మన పిల్ల కూడా ఒక వార్డులో నిలబడి ఉంటుంది. ఆమెను కూడా ఎవరైనా పేరు పెట్టి పిలవాలనే కదా మన ఆశ!