కప్పు ఊడదీసిన మందిరం

1994లో రువాండాలో టుట్సీలను వేటాడి చంపుతున్న రోజులవి. బిసెసెరో ప్రాంతంలోని మురాంబి చర్చిలో కొందరు తలదాచుకునేవారు. ఆ చర్చి కప్పు ఊడదీయించింది శత్రువు కాదు, ఎలిజఫాన్ ఎన్‌టకిరుటిమానా అనే పాస్టరే! వారికి దాక్కునే చోటు లేకుండా చేయడానికే అలా చేయించాడని 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది. జాతి నిర్మూలనకు తోడ్పడినందుకు పదేళ్ల జైలుశిక్ష వేసింది. 2004లో అప్పీలు న్యాయమూర్తులు ఆయన్ను మానవాళిపై నేరానికి తోడ్పడిన దోషిగా కూడా ప్రకటించారు. పౌరులపై విస్తృతంగా లేదా పథకం ప్రకారం జరిపే దాడిలో భాగమైన హత్యల వంటి ఘోరాలకు చట్టం పెట్టిన పేరది. మన దేశ చట్టంలో ఆ పేరుతో నేరమే లేదు. 1984 నాటి సిక్కుల హత్యల కేసులో ఢిల్లీ హైకోర్టు 2018లో ఈ లోటునే ఎత్తిచూపింది. అయితే కయీనును దేవుడు తమ్ముని గురించి అడిగిన ప్రశ్న ఈ చట్టాలన్నిటికన్నా పాతది. పొరుగువాడు పరుగెత్తుకొచ్చిన నాడు మన మందిరానికి కప్పు ఉంటుందా?