గ్రాట్యుటీ గోడలపై పన్ను లెక్క



బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపును నమ్ముకొని శ్రీకాకుళం, విశాఖ ప్రాంతముల నుండి ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబములకు క్వార్టరే ఇల్లు, క్వార్టరే ఊరు. పదవీ విరమణ నాడు ఆ తాళము అప్పగించవలసినదే. స్వగ్రామములో మనవారెవరూ మిగలలేదు. కనుక గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు కలిపి మలంచలోనో, ఇందాలోనో పాత ఇల్లొకటి కొని, ముందు భాగమున తాముండి, వెనుక గదులు అద్దెకిచ్చి పింఛనుకు చేదోడు చేసికొనువారు మనలో అనేకులు. అట్టి ఒక సోదరుడు ఇల్లు కొన్న రెండవ యేట కొత్త మదింపు కాగితము పట్టుకొని మా కార్యాలయమునకు వచ్చి, "అద్దె నాకు వచ్చునా, పన్నుకు పోవునా?" అని అడిగినాడు.

"ఇంటి యజమానుల గొడవ యూనియన్‌కేల?" అని మనలోనే కొందరు పెదవి విరుచుచున్నారు. ముప్పది ఐదేండ్లు సుత్తి పట్టినవాడు రెండు గదులు అద్దెకిచ్చినంత మాత్రమున జమీందారగునా? ఆ గదులలో నుండునది ఎవరు? కాంట్రాక్టు పని చేయు మన పిల్లలే. పన్ను పెరిగిన నాడు అద్దె పెరుగును, వారి సంచి ఖాళీయగును.

లెక్క ఎట్లు కట్టుదురో తెలిసికొనుడు. 1993 నాటి పశ్చిమ బెంగాల్ మునిసిపల్ చట్టము ప్రకారము ఇంటికి సమంజసముగా రాదగిన సాలుసరి అద్దెలో మరమ్మతులకై నూటికి పది తీసివేయగా మిగిలినది వార్షిక విలువ. పన్ను దానిపైననే. అనగా మీరెంతకు కొన్నారన్నది కొలబద్ద కాదు. ఆ వీధిలో అట్టి ఇంటికి ఎంత అద్దె వచ్చునన్నదే ప్రశ్న. ఉదాహరణకు నెలకు 3,000 రూపాయలు రాదగిన ఇంటి విలువ 32,400. దానినే 5,000గా అంచనా వేసినచో 54,000. ఒక్క అంకె తప్పినందుకు 21,600 రూపాయల అధిక విలువపై తదుపరి మదింపు వరకు ఏటేట పన్ను చెల్లింపవలసివచ్చును.

1960ల ఆరంభమున కలకత్తా కార్పొరేషన్‌పై పద్మాదేవి కేసులో, అద్దె నియంత్రణ చట్టము అనుమతించిన అద్దెను మించి వార్షిక విలువ కట్టరాదని సుప్రీంకోర్టు చెప్పినది. తరువాతి చట్టములు ఆ రక్షణను పలుచన చేసినవి. "సమంజసము" అన్న మాట మాత్రము చట్టములో నేటికీ ఉన్నది. దానిని పట్టుకొనవలసినది మనమే.

ఇంకొక విడ్డూరము. రాజ్యాంగము 285వ అధికరణము వలన కేంద్రప్రభుత్వ ఆస్తులకు స్థానిక పన్ను వర్తించదు. మన స్టేషన్లు, తపాలా కార్యాలయములు ఆ గొడుగు క్రిందివే. పొందిన సౌకర్యములను బట్టి పన్నులో 75, 50 లేక 33⅓ శాతము సేవా రుసుముగా చెల్లించు పద్ధతి 2009లో రాజకోట వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఎదుట ఖరారైనది. ఊరిలో అతిపెద్ద భూస్వామికి ఇంత వెసులుబాటు ఉండగా, ఆ భూస్వామికి జీవితాంతము ఊడిగము చేసిన వానికి మాత్రము పైసా తగ్గరాదా? పింఛనుదారు తానుండు భాగమునకు, అద్దె భాగమునకు వేరువేరుగా విలువ కట్టి, మొదటి దానికి తగ్గింపు ఇవ్వవలెనని మన కోరిక. ఇది భిక్ష కాదు.

కాని మనవారి తప్పులు కూడ చెప్పవలెను. "నూరిచ్చిన తగ్గించెదను" అను దళారిని నమ్మువారున్నారు. వాడు తగ్గించునది మీ సంచి బరువునే. అద్దె దాచి అబద్ధపు రసీదులు చూపువారిని మేము సమర్థింపము. పాత యజమాని బకాయి ఉన్నదా అని విచారింపక కొని, అది ఇంటిని వెన్నంటి వచ్చినపుడు గుండెలు బాదుకొనువారికి ఏమి చెప్పగలము?

నోటీసు అందిన వెంటనే గడువు తేదీ చూడుడు. మ్యుటేషన్ కాగితము, అద్దె రసీదులు, గదుల కొలతలు, పగిలిన గోడల ఛాయాచిత్రములు, అదే వీధిలోని సమానమైన ఇండ్ల మదింపు వివరములు జతపరచి వ్రాతపూర్వకముగా పునఃపరిశీలన కోరుడు, రసీదు పుచ్చుకొనుడు. వివాదము లేని మొత్తమును చెల్లించుచుండుడు. బంగ్లా చదువరాని సోదరులు కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందే బ్రాంచి కార్యాలయమునకు తీసికొని రండు. చదివి వినిపించువారు మనలో ఉన్నారు.