శిల్పమని పిలిచి చేసిన అన్యాయం

పొగడ్తతో కూడా అన్యాయం చేయవచ్చు. యుద్ధం ముగిసిన కొత్తలో ఇటలీలోని టూరిన్ నగరంలో పుట్టిన చిసితాలియా 202 అనే చిన్న రెండు సీట్ల కారుకు ఏడు దశాబ్దాలుగా జరుగుతున్నది అదే. 1951లో న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఎనిమిది కార్లను ఏరి ప్రదర్శనకు పెట్టింది. వాటిలో ఇదొకటి. 1972లో అదే మ్యూజియం దీనిని తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది. అప్పటినుండి దీనిగురించి ఎవరు కలం పట్టినా "కదిలే శిల్పం" అనే మాట, పినిన్ ఫరీనా అనే పేరు రాయకుండా వదలరు. ఈ రెంటితోనూ నాకు పేచీ ఉంది.

శిల్పి తనకు నచ్చిన రాతిని ఎంచుకుంటాడు. ఈ కారు చేసినవారికి ఆ అదృష్టం లేదు. యజమాని పియెరో దూసియో ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, యువెంతుస్ జట్టుకు అధ్యక్షుడిగా కూడా పనిచేసినవాడు. బట్టల వ్యాపారంలో గడించిన సొమ్మును పందెపు కార్ల మీద పెట్టాడు. ఇంజను చేసుకునే స్తోమత లేదు కనుక ఫియట్ 1100లోని 1089 సి.సి. ఇంజనునే తెచ్చుకున్నారు. మామూలు కారులో అది ఇచ్చేది 32 అశ్వశక్తి. ఎంత మెరుగుపెట్టినా వీరి చేతిలో 55 దాటడమే గగనమైంది. ఇంత బలహీనమైన గుండెతో పెద్ద కార్లను తరమాలంటే దారులు రెండే: బరువు తగ్గించాలి, గాలిని మోసగించాలి. అందుకే సన్నని ఉక్కు గొట్టాలను అతికి చట్రం కట్టారు. దానిపై అల్యూమినియం రేకు తొడిగారు. ముందు చక్రాలపై ఉబ్బులకన్నా బానెట్‌ను కిందికి దించారు. ఇవాళ మనం "ఆహా" అనే ఆ వంపు లేమి నేర్పిన విద్య. ఆ లేమిని చెప్పకుండా వంపును మాత్రం మెచ్చుకోవడం, పద్యం అర్థం వదిలేసి యతిప్రాసలకు తలూపడం లాంటిది.

ఇక కర్తృత్వం సంగతి. ఈ సంస్థ తొలి పందెపు కారుకు రూపమిచ్చినవాడు ఫియట్‌లో పనిచేస్తున్న దాంతే జకోసా. ఆయన తరువాత ఇంజనీరుగా వచ్చిన జొవాన్నీ సవొనుజ్జి ఫియట్ విమాన విభాగంలో పనిచేసినవాడు. గాలి స్వభావం ఎరిగినవాడు. 202 ఆకృతికి మొదటి గీతలు ఆయనవే. పినిన్ ఫరీనా ఆ గీతలను సానపట్టాడు, అనవసరమైనది తీసివేశాడు, ఆయన కార్ఖానాలో పనివారు సుత్తులతో రేకును మలిచారు. ఆ చేయి పడకపోతే ఇంత సొగసు వచ్చేది కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ సానపట్టినవాని పేరు పలక మీదికెక్కి, గీసినవాని పేరు తెలుసుకోవాలంటే పుస్తకాలు తిరగెయ్యవలసి రావడం ఏం న్యాయం?

"శిల్పమంటే గౌరవమే కదా, అందులో తప్పేముంది?" అనేవారుంటారు. శిల్పం వర్షంలో ఓడిపోదు. 1947 మిల్లె మిలియా పందెంలో, 1,800 కిలోమీటర్ల పైచిలుకు దారిలో, ఇదే కారు పైకప్పులేని రూపాన్ని నడిపినవాడు తాజియో నువొలారి. వయసు 54, ఆరోగ్యం అప్పటికే చెడింది. సుమారు మూడు లీటర్ల ఆల్ఫా రోమియోను వెనక్కి నెట్టి ముందంజలో ఉండగా కుండపోత వానకు మాగ్నెటో తడిసి ఇంజను ఆగిపోయింది. దాన్ని ఆరబెట్టుకుని బయలుదేరేసరికి బియోందెత్తి దాటిపోయాడు. అయినా రెండు, మూడు, నాలుగు స్థానాలు చిసితాలియాలవే. ఓడిన ఆ రెండో స్థానం కన్నా పెద్ద ప్రశంసాపత్రం ఏ మ్యూజియమూ ఇవ్వలేదు.

ఈ గోల మనకెందుకని అనుకునే చదువరులకు ఒక మాట. ఆ ఫియట్ 1100 వంశమే మన దేశంలో ప్రీమియర్ పద్మినిగా తిరిగింది. అదే 1089 సి.సి., అదే 68 మిల్లీమీటర్ల సిలిండరు వెడల్పు, 75 మిల్లీమీటర్ల పిస్టను నడక. పెళ్ళిబృందాలను ఇరికించుకుని, చలికాలం పొద్దున తోయించుకుని స్టార్టయిన ఆ "డొక్కు ఫియట్"కూ, న్యూయార్కు మ్యూజియంలోని కళాఖండానికీ గుండె ఒకే జాతిది. బొంబాయి టాక్సీల వరుసలోంచి చివరి పద్మిని 2023 అక్టోబరులో తప్పుకున్నప్పుడు మనవాళ్ళు కాసిన్ని జ్ఞాపకాలు నెమరేసుకుని ఊరుకున్నారు. ఒకదానికి పూజ, మరొకదానికి వెక్కిరింత. మధ్యలో ఉన్న ఇంజనీరింగును పట్టించుకున్నవాడు లేడు.

దూసియో చివరికి దివాళా తీశాడు. పోర్షే కార్యాలయంచేత పన్నెండు సిలిండర్ల గ్రాండ్‌ప్రి కారు చేయించబోయి ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుని అర్జెంటీనా చేరాడు. ఆ కారు ఒక్క గ్రాండ్‌ప్రిలోనూ పాల్గొనలేదు. 1949లో పందెపు విభాగంలో మిగిలిన సామగ్రితో కార్లో అబార్త్ వేరు కుంపటి పెట్టుకున్నాడు. అటుపై ఆయన బతుకంతా చిన్న ఇంజన్లతో పెద్దవాళ్ళను ఓడించడమే. 202లు తయారైనవి సుమారు 170. సవొనుజ్జి తరువాత అమెరికా వెళ్ళి క్రైస్లర్‌లో టర్బైన్ ఇంజన్ల మీద పనిచేశాడు. మ్యూజియం పలక మీద ఆయన పేరు చెక్కడానికి అర అంగుళం చోటు చాలు.