తుపాకి కొనేముందు తలుపు గడియ చూసుకోండి

(గ్రామీణ విలేఖరి)

విలేఖరి అంటే పోలీసు స్టేషనులో పలుకుబడి ఉన్నవాడని మన పల్లెల్లో ఒక నమ్మకం. ఆ నమ్మకంతోనే మొన్న ఒక చీనీతోట రైతు నన్ను ఉరవకొండ బస్టాండులో పట్టుకున్నాడు. "నీకు ఎస్సై తెలుసు కదప్పా, నడుముకు పెట్టుకునే తుపాకి ఒకటి ఇప్పించు. ఎంతయినా సరే, అరెకరా అమ్మి కొంటా" అన్నాడు. సంగతేమని అడిగితే చెప్పాడు. రాత్రిపూట తోటలో ఒక్కడే పడుకొని ఉండగా ముగ్గురు మనుషులు వచ్చి బోరు కేబులు కోయసాగారట. ఎవరురా అని కేక వేస్తే పారిపోలేదు సరికదా, రాళ్లు విసురుతూ షెడ్డు దాకా వచ్చారట. తెల్లవారేదాకా లోపల గడియ పట్టుకొని కూర్చున్నాడు. ఆ గడియ కూడా సరిగా పడదు.

ఆయన భయం ఉత్తిది కాదు. కేబుళ్లు, స్టార్టర్లు పోవడం, సరుకు అమ్ముకొని డబ్బుతో వచ్చేవారిని దారి కాయడం మన జిల్లా రైతులకు తెలియని సంగతులు కావు. స్టేషను ఎన్నో మైళ్ల దూరంలో ఉన్నవాడికి చేతిలో ఏదైనా ఆయుధం ఉంటే బాగుండునని తోచడం సహజం. కానీ ఆ ఆయుధం రివాల్వరు కావాలా, అయితే దాన్ని ఎలా ఎన్నుకోవాలి, ఎలా మోయాలి అన్నది అరెకరా అమ్మకముందు ఆలోచించవలసిన విషయం. ఆ రైతుకు చెప్పినదే నలుగురికీ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదట గుర్తించవలసింది, మన దేశంలో తుపాకి హక్కు కాదు, అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నిబంధనలు దీనికి ఆధారం. 21 ఏళ్లు నిండినవారే అర్జీ పెట్టాలి. మన జిల్లాలో లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. పోలీసులు విచారించి నివేదిక పంపాలి. శరీరం, మనసు ఆరోగ్యంగా ఉన్నాయని డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఆయుధం వాడకంలో, భద్రతలో శిక్షణ పొందాలి. ఇంట్లో తుపాకిని భద్రంగా దాచే ఏర్పాటు ఉండాలి. వీటన్నిటికీ మించి, "నాకు ఎందుకు కావాలి?" అన్న ప్రశ్నకు గట్టి సమాధానం ఉండాలి. ఎస్సై తెలిసినంత మాత్రాన చేతికి వచ్చేది కాదు, రాకూడదు కూడా.

లైసెన్సు అడిగేవారిని చూస్తే మూడు రకాలు కనిపిస్తారు. సరుకు కొని డబ్బు మోసే వ్యాపారి ఒకరు. ఊరికి దూరంగా తోటలో కాపురమున్న రైతు మరొకరు. మూడవ రకంవారికి ఏ ప్రమాదమూ లేదు. పెళ్లికి వెళ్లినప్పుడు చొక్కా కింద ఎత్తుగా కనిపించాలి, అంతే. విచారకరమైన విషయమేమంటే ఈ మూడవ రకంవారికే సిఫార్సు ఉత్తరాలు సులభంగా దొరుకుతాయి.

అర్హత ఉండి అనుమతి వచ్చిందనుకుందాం. ఏది కొనాలి? ఎక్కడ వాడవలసి వస్తుందన్న దాన్నిబట్టి నిర్ణయించుకోవాలి. తోట ఇంటి కాపలాకు నడుముకు పెట్టుకునే తుపాకి కన్నా 12 బోరు పొడుగు తుపాకి మేలని నా అభిప్రాయం. రెండు చేతులతో, భుజానికి ఆనించి పట్టుకుంటారు కనుక గురి తప్పడం తక్కువ. దాచిపెట్టుకొని తిరగడానికి వీలుకాదు కనుక ఇల్లు దాటి తగవుల్లోకి వెళ్లదు. పంట కాపలా నిమిత్తం గొట్టం ముందునుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. అయితే పంట తినే ప్రతి జంతువునూ కాల్చవచ్చని దాని అర్థం కాదు. అడవి జంతువులకు 1972 నాటి వన్యప్రాణి చట్టం వేరే ఉంది.

డబ్బు మోస్తూ ప్రయాణం చేసేవారు చిన్న తుపాకి కోరుతారు. చిన్నవాటిలో రెండు రకాలు. తిరిగే చక్రంలో తూటాలు పెట్టేది రివాల్వరు. పిడిలో తూటాల పెట్టె జొనిపేది పిస్తోలు. పోలీసులు, సైన్యం వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోళ్ల వంటివి సామాన్యులకు ఇవ్వరు. లైసెన్సుదారులు ఎక్కువగా కొనేది .32 బోరు. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం 2014లో 'నిర్భీక్' అనే .32 రివాల్వరును, ఆడవారి రక్షణకని చెప్పి విడుదల చేసింది. బరువు అరకిలో. ధర అప్పుడే లక్షా ఇరవై వేల పైచిలుకు. ఆడవారి భద్రత పేరు చెప్పి, కూలికి వెళ్లే ఆడది ఏడాదంతా కష్టపడినా కొనలేని ధర పెట్టడంలో ఔచిత్యమేమిటని ఆనాడే చాలామంది అడిగారు.

రెంటిలో కొత్తవారికి రివాల్వరే నయం. చక్రం పక్కకు తీస్తే ఎన్ని తూటాలున్నాయో కంటికి కనిపిస్తుంది. పిస్తోలు అలా కాదు. పిడిలోని పెట్టె తీసేసినా గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. ఖాళీ అనుకొని నొక్కి ప్రాణాలు తీసినవారు, తీసుకున్నవారు ఎందరో. చేతికి సరిపోతుందా, పిడి గట్టిగా అందుతుందా, ట్రిగ్గరు లాగే బలం వేలికి ఉందా అన్నది చూసుకోవాలి. తళతళ చూసి ఎంచుకోవడం గిత్తను కొమ్ముల రంగు చూసి కొన్నట్టే.

ఇక మోయడం. ఇక్కడే ప్రమాదాలన్నీ. పంచె మడతలో, ప్యాంటు జేబులో, మోటారుసైకిలు డబ్బాలో తాళాలతో, బీడీకట్టతో కలిపి పడవేయడం మహా ప్రమాదం. ఏ తాళంచెవో ట్రిగ్గరుకు తగులుకుంటే చాలు, తొడలోకి తూటా దిగుతుంది. ట్రిగ్గరును పూర్తిగా కప్పే గట్టి తోలు ఒర ఉండాలి. ఆ ఒర నడుము పట్టాకు కదలకుండా బిగిసి ఉండాలి. వంగినా, బస్సు ఎక్కినా జారకూడదు. పాత రకం రివాల్వర్లు కింద పడితే పేలే అవకాశముంది కనుక, సుత్తి కింది గదిలో తూటా పెట్టకుండా ఉంచడం పెద్దల పద్ధతి.

శిక్షణలో మొదట నేర్పే నాలుగు మాటలు తుపాకి ముట్టే ప్రతివారూ కంఠతా పట్టాలి. ఏ తుపాకినైనా నిండుగా ఉన్నట్టే భావించు. కాల్చదలచని దానివైపు గొట్టం తిప్పకు. కాల్చే నిర్ణయం జరిగేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకు. గురి ఏమిటో, దాని వెనుక ఏముందో చూసుకో. నాలుగవది పల్లెలకు మరీ ముఖ్యం. చీకట్లో కదిలింది దొంగ కావచ్చు, నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క తోట పిల్లవాడూ కావచ్చు.

మందు తాగే అలవాటున్నవాడు తుపాకి జోలికి పోకూడదు. జాతరకు, పెళ్లికి, పంచాయతీకి దాన్ని తీసుకుపోకూడదు. సంబరానికి గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ వేసేలా 2019లో చట్టాన్ని సవరించారు. పైకి వెళ్లిన తూటా కిందికి రాక మానదు. లైసెన్సు పుస్తకం తుపాకితోపాటే ఉండాలి. అందులో రాసిన ప్రాంతం దాటి తీసుకుపోకూడదు. ఎన్నికల వేళ జమ చేయమని ఉత్తర్వు వస్తే జమ చేసి రసీదు పుచ్చుకోవాలి.

ఇంటికి వచ్చాక దిండు కింద పెట్టి పడుకోవడం ధైర్యం కాదు, అవివేకం. తూటాలు తీసి, తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట తాళం వేయాలి. తాళంచెవి పిల్లలకు తెలియని చోట ఉండాలి. పిల్లవాడికి తెలియని చోటు ఇంట్లో ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. "తాళంలో ఉన్న తుపాకి దొంగ వచ్చినప్పుడు ఏం పనికొస్తుంది?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దొంగ ఏడాదికొకసారి వస్తాడో రాడో. పిల్లలు రోజూ ఇంట్లోనే ఉంటారు. ఆ రెంటిలో ఏది పెద్ద ప్రమాదమో ఇంటి యజమాని తూచుకోవాలి.

తుపాకి ఉంది గదా అని కాల్చవచ్చా? 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. అంతకుముందు శిక్షాస్మృతిలోనూ ఉండేది. ప్రాణానికి, తీవ్ర గాయానికి భయం ఉన్నప్పుడు ఎదిరించవచ్చు. దోపిడీ, రాత్రివేళ ఇల్లు పగులగొట్టి చొరబడడం, ఇంటికి నిప్పు పెట్టడం వంటి సందర్భాల్లో ఆ హక్కు ఎదుటివాడి ప్రాణం తీసేదాకా కూడా పోతుంది. కానీ అవసరానికి మించి హాని చేయరాదన్నది దానికి హద్దు. కేబులు కోసుకొని పారిపోయే దొంగను వెనుకనుంచి వీపులో కాల్చినవాడు ఆత్మరక్షణ అని చెప్పుకోలేడు. తూటా బయటికి వచ్చిన క్షణం నుంచి కోర్టు వాయిదాలు మొదలవుతాయి. కేబులు ఖరీదు వేలల్లో ఉంటే, వకీలు ఖర్చు లక్షల్లో ఉంటుంది.

మరొక ముఖ్య విషయం పాత ఇళ్లవారు గమనించాలి. తాతల నాటి తుపాకి అటక మీద ఉండిపోయిన ఇళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి. లైసెన్సు మనిషి పేరున ఉంటుంది గాని ఇంటి పేరున ఉండదు. ఆయన పోయాక వారసులు దాన్ని ఆలస్యం చేయకుండా స్టేషనులో గాని, లైసెన్సున్న ఆయుధాల డీలరు వద్ద గాని జమ చేయాలి. తరువాత కావాలంటే తమ పేరున అర్జీ పెట్టుకోవచ్చు. ఇది తెలియక, భర్త పోయిన రెండేళ్లకు కూడా గోడకు తుపాకి అలాగే వేలాడదీసి ఉంచిన ఒక ముసలమ్మను నేను ఎరుగుదును. "ఆయన గుర్తు నాయనా" అన్నది. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంటే, 2019 సవరణ తరువాత, రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు. ఆ మాట చెప్పగానే ఆమె చేతులు వణికాయి. మరునాడే ఊరి పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లి జమ చేసింది. అదే సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించింది. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. నాటు తుపాకుల సంగతి చెప్పనక్కరలేదు. అవి శత్రువు కన్నా ముందు కాల్చినవాడి ముఖాన్నే కాలుస్తాయి.

ఇక అధికారులకు ఒక మనవి. తుపాకులు విచ్చలవిడిగా ఇవ్వమని ఎవరూ కోరడం లేదు. మన జిల్లా కక్షలతో ఎంత నష్టపోయిందో, ఎన్ని పల్లెల్లో మగదిక్కు లేని ఇళ్లు మిగిలాయో అందరికీ తెలుసు. కానీ నిజంగా ప్రమాదంలో ఉన్న ఒంటరి రైతు అర్జీ ఏళ్ల తరబడి నలుగుతూ, పలుకుబడి ఉన్నవారి అర్జీ చకచకా కదలడం న్యాయం కాదు. లైసెన్సు నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని చట్టమే చెబుతున్నది. ఆ కారణం అర్జీదారుకు తెలియజేస్తే, అవసరమైతే అతడు అప్పీలు చేసుకుంటాడు.

అంతకన్నా ముఖ్యమైనది, రైతుకు తుపాకి అడిగే అవసరమే రాకుండా చూడడం. కోతల కాలంలో తోటల దారుల్లో రాత్రి గస్తీ తిరగాలి. 112కు ఫోను చేస్తే జీపు వేళకు రావాలి. దొంగ కేబులు కొనే పాత ఇనుము వ్యాపారులపై నిఘా ఉండాలి. కొనేవాడు లేకపోతే కోసేవాడూ ఉండడు. రైతులు కూడా పక్కపక్క తోటలవారు వంతులేసుకొని కావలి పడుకోవాలి. సరుకు డబ్బును నేరుగా బ్యాంకు ఖాతాలో వేయమనాలి. జేబులో డబ్బు లేనివాడిని దారి కాసేవాడు ఉండడు.

ఆ చీనీతోట రైతు అరెకరా అమ్మలేదు. షెడ్డుకు ఇనుప తలుపు, లోపలినుంచి పడే గడియ చేయించాడు. కరెంటు పోయినా వెలిగే సోలారు దీపం పెట్టించాడు. పక్క తోటల ఇద్దరితో మాట్లాడుకొని, ఈలవేస్తే ముగ్గురూ లేచి వచ్చేట్టు ఏర్పాటు చేసుకున్నాడు. తుపాకి అర్జీ సంగతి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. భయం పోయిందా అని అడిగితే, "సగం పోయిందప్పా" అన్నాడు. మిగతా సగం పోగొట్టవలసిన బాధ్యత గస్తీ తిప్పవలసినవారిది.